బజారు రోడ్డుకి నీడ తెచ్చిన మా అత్త

మా అత్త పోయింది. కబురు వచ్చేసరికి నేను అభన్‌పూర్‌లో ఒక పెళ్ళివారి వాకిట్లో నిచ్చెన ఎక్కి ఉన్నాను. నోట్లో సుతిలి తాడు, చేతిలో షామియానా కొస. ఫోన్‌లో మా ఆవిడ "అమ్మ ఎలిపోయింది" అంది. "ఎక్కడికి?" అన్నాను. ప్రతి మాటకీ ఒక తిక్క జవాబు ఇవ్వడం నా నోటికి అలవాటు. అలా అన్నప్పుడల్లా అటునుంచి ఒక తిట్టు వస్తుంది. ఈసారి రాలేదు. అప్పుడు నిచ్చెన దిగాను.

పొద్దున మజ్జిగన్నం తిని, గుమ్మంలో పీట వేసుకుని, సందులోంచి దుమ్ము రేపుకుంటూ పోతున్న ఆటోవాణ్ణి తిడుతోందట. తిట్టు సగంలో ఉండగా తల గోడకి ఆనింది. అంతే. ఆ ఆటోవాడెవడో గానీ అదృష్టవంతుడు. మా అత్త దగ్గర సగం తిట్టుతో బయటపడ్డవాడు రాయపూర్‌లో ఇంకొకడు లేడు.

మన తెలుగువాళ్ళ సంచికకి ఆవిడ గురించి నాలుగు మాటలు రాయమన్నారు. రాయడం నా పని కాదు. ఎనిమిదో తరగతి తర్వాత నేను బడి గడప తొక్కింది వాళ్ళ వార్షికోత్సవానికి కుర్చీలు వెయ్యడానికే. అయినా రాస్తున్నాను. మా అత్త ఒక రోడ్డు మొత్తానికి నీడ గెలిచింది. ఆ గెలుపులో నాకూ కాస్త వాటా ఉంది. వేరేవాళ్ళు చెబితే నా వాటా తగ్గించి చెబుతారు.

ఆవిడ మా నాన్న చెల్లెలు. ముందు మేనత్త, తర్వాత కూతుర్నిచ్చి అత్తగారయ్యింది. రెండు రకాల అత్త ఒకే మనిషిలో దొరికితే అల్లుడికి వేళాకోళంలో రెట్టింపు హక్కు ఉంటుందని నా వాదన. తిట్టడానికి తనకే రెట్టింపు హక్కని ఆవిడ వాదన. నలభై ఏళ్ళు వాదించుకున్నాం, తీర్పు రాలేదు.

మామకి రైల్వే వ్యాగన్ షాపులో పని. పెళ్ళయిన కొత్తలో శ్రీకాకుళం వైపు నుంచి ఆయన వెంట ఇక్కడికి వచ్చింది. మామ పోయాక అందరూ ఇంటిపట్టున ఉండమన్నారు. "కూకుంటే కాళ్ళు నడక మర్సిపోతాయి" అని బజారు రోడ్డులో ఇడ్లీ బండి పెట్టింది. మీలో చాలామంది అక్కడ తినే ఉంటారు. వేరుశెనగ చట్నీ, పక్కన పచ్చిమిరప కారం. ఊళ్ళో జనం ఇడ్లీ దాయీ అనేవాళ్ళు. దాయీ అంటే ఇక్కడి మాటలో అమ్మ. తెలుగువాడు వస్తే హిందీలో తిట్టేది, హిందీవాడు వస్తే తెలుగులో తిట్టేది, ఎవరికీ పూర్తిగా అర్థం కాకూడదని.

బడి మానేసి నేను ఊరి మీద తిరుగుతుంటే ఒక టెంట్ హౌస్‌లో పనికి పెట్టించింది కూడా ఆవిడే. "తాడు కట్టడం నేర్సుకోరా. ఏ ఊళ్ళోనైనా పెళ్ళిళ్ళవుతాయి, సావులవుతాయి. నీకు పని తప్పదు" అంది. నేర్చుకున్నాను. ఇప్పుడు నాకు సొంత టెంట్ హౌస్ ఉంది. ఆ కృతజ్ఞతతోనే ఒకసారి ఆవిడ బియ్యం డబ్బాలో రబ్బరు బల్లి పెట్టాను. కేక వేస్తుందని గోడ పక్కన నక్కి కూర్చున్నాను. కేక లేదు, చప్పుడు లేదు. మర్నాడు నా సాంబారులో ములక్కాడ అనుకుని పట్టుకున్నది ఆ బల్లి తోక.

బండి పెట్టిన కొత్తలో ఆ రోడ్డు మీద పెద్ద పెద్ద దిరిసెన చెట్లు ఉండేవి. ఎండాకాలం ఎండు కాయలు గాలికి గలగలలాడేవి. వాటి కింద మా అత్త బండి, దాని పక్కన ఒకావిడ ఆకుకూరల బుట్ట. ఆ కూరలావిడా మా అత్తా మితానిన్‌లు. ఈ రాష్ట్రంలో ఇష్టపడ్డ ఇద్దరు దేవుడి ఎదట పువ్వులు మార్చుకుని అలా చుట్టరికం కట్టుకుంటారు. ఆ తర్వాత ఒకరినొకరు పేరు పెట్టి పిలవరు, చచ్చేదాకా "మితానిన్" అనే పిలుపు. సొంత అక్కచెల్లెళ్ళు కొట్టుకోవచ్చు గానీ వీళ్ళు కొట్టుకోకూడదు. మా అత్త తిట్టని మనిషి ప్రపంచంలో ఆవిడ ఒక్కతే.

తర్వాత రాయపూర్ రాజధాని అయ్యింది. రోడ్డు వెడల్పు చేశారు. దిరిసెన చెట్లు వరసగా పడ్డాయి. మేం రంపాల చప్పుడు విన్నాం, దుమ్ము తుడుచుకున్నాం, రోడ్డు బాగుందనుకున్నాం. చైత్రం దాటాక తెలిసింది ఏం పోయిందో. ఇడ్లీ తినేవాళ్ళు ప్లేటు చేత్తో పట్టుకోవాలో నెత్తిన పెట్టుకోవాలో తెలియక గంతులేసేవాళ్ళు. రిక్షావాళ్ళు సందుల్లోకి పోయారు. కూరలావిడ తోటకూర పొద్దెక్కకముందే చచ్చుబడేది. తడిగుడ్డ కప్పేది, గొడుగు పట్టేది, గొడుగు కూరలకి పెట్టి తను ఎండలో కూర్చునేది. ఒకరోజు ఆ బుట్ట మీదే ఒరిగిపోయింది. వడదెబ్బ.

మా అత్తా నేనూ ఆటోలో వేసి ఆసుపత్రికి తీసుకెళ్ళాం. బతికింది. డాక్టరు మాత్రం ఇంక ఎండలో కూర్చోవద్దన్నాడు. నీడ లేకపోతే ఆవిడకి ఆ బజారు లేనట్టే. ఇంట్లో కూర్చోబెట్టి తిండి పెట్టేవాళ్ళు ఆవిడకి ఎవరూ లేరు.

ఆసుపత్రి మెట్ల మీద మా అత్త అంది: "ఒరే, నా మితానిన్ మల్లీ ఆ రోడ్డు మీద కూకోవాల. సెట్లు కావాల."

"సెట్లేం దుకాణంలో దొరుకుతాయేటి అత్తా, రేపు నాలుగు కొనుక్కొస్తాను."

"నీ టెంటు గుడ్డలా? పొద్దున కట్టి రేత్రికి ఇప్పుకోడానికి?"

ఆ రోజు నుంచి చెట్ల సంగతి చూసే ఆఫీసుకి నడవడం మొదలుపెట్టింది. ఇడ్లీలు గిన్నెలో వేసుకుని వెళ్ళేది. ప్యూను తినేవాడు, గుమాస్తా తినేవాడు, చెట్లు రాలేదు. చివరికి కొత్తగా వచ్చిన ఒక అమ్మాయి, ఆ విభాగం ఆఫీసరు, కాగితం కదిపింది. మేం ఆమెను చెట్ల మేడమ్ అనేవాళ్ళం. ఏ చెట్టు కావాలని మేడమ్ అడిగింది. మా అత్త ఆలోచించను కూడా లేదు, "వేప" అంది. గాలి మంచిది, మందుకి మంచిది, అమ్మవారి చెట్టు. మేడమ్ ఏదో చెప్పబోయింది. మా అత్త చెప్పనివ్వలేదు.

వేప మొక్కలు వచ్చాయి. బజారంతా కలిసి నాటాం. మా అత్త ఇడ్లీ పప్పు కడిగిన నీళ్ళు వాటికే పోసేది. ఏడాది తిరిగేసరికి భుజం ఎత్తు వచ్చాయి. రెండో వానాకాలం, ఇక్కడి లెక్కలో శ్రావణ అమావాస్య. ఇక్కడివాళ్ళకి హరేలీ పండగ. నాగళ్ళకి పూజ చేస్తారు. గుమ్మాలకి వేపకొమ్మ గుచ్చుతారు, చెడు లోపలికి రాకుండా. ఊరికి వేప కొమ్మ కావాల్సిన రోజున, ఊరి మధ్యలో, చేతికందే ఎత్తులో వరసగా వేప మొక్కలు!

పొద్దున మేం వెళ్ళేసరికి బజారులో ప్రతి దుకాణం గుమ్మానికీ పచ్చటి వేపరెమ్మ ఉంది. మొక్కలు మాత్రం గొడుగు కర్రల్లా ఉన్నాయి. మా అత్త చీర కుచ్చిళ్ళు బిగించి తిట్టడానికి గాలి పీల్చుకుంది. సరిగ్గా అప్పుడే కూరలావిడ నవ్వుకుంటూ వచ్చి, "లే మితానిన్, హరేలీ హే" అని, అంటే ఇంద, ఇవాళ హరేలీ అని, మా అత్త బండికి కూడా ఒక రెమ్మ గుచ్చింది. మా మొక్కదే. ఆఖరి రెమ్మ.

మా అత్త పీల్చుకున్న గాలి అలాగే వదిలేసింది. నేను పొట్ట పట్టుకుని నవ్వుతుంటే అంది: "నవ్వకురా ఎదవా. మన మంచికని తెచ్చింది, ఏటని తిడతాను? ముప్పై ఏళ్ళ నుంచి ఈ ఊళ్ళో ఉన్నాను, హరేలీ తెలీదేటి నాకు? తెలిసే పెట్టాను సూడు, అదీ నా తెలివి."

మర్నాడు తానే ఆఫీసుకెళ్ళి మేడమ్‌తో, "నువ్వేదో సెప్పబోయావు కదమ్మా ఆ రోజు. ఇప్పుడు సెప్పు" అంది. ఆ అమ్మాయి కానుగ అని చెప్పింది. ఇక్కడి భాషలో కరంజ్. దట్టమైన నీడ, వేర్లు రోడ్డు పగలగొట్టవు, మేకలు మూతి తిప్పుకుంటాయి, ఏ పండగకీ దాని కొమ్మ ఎవరికీ అక్కర్లేదు. "మహా అయితే పళ్ళు తోముకోవడానికి ఒక పుల్ల విరుస్తారు అమ్మా, దానికేం కాదు" అంది.

అంతా కుదిరింది అనుకునేలోపు పైనుంచి ఇంకో కాగితం వచ్చింది. రోడ్డు అందంగా ఉండాలట, నయా రాయపూర్ రోడ్లలాగా వచ్చేవాళ్ళకి కనపడాలట. పామ్ చెట్లు పెట్టమన్నారు. ఎక్కడి నుంచో లారీల్లో వచ్చాయి. సీసాల్లాంటి మొండేలు, పైన నాలుగు ఆకులు. రోడ్డు మొదట్లో కొన్ని నాటేశారు కూడా. మిగతావి జ్యేష్ఠంలో పెద్ద సభ పెట్టి నాటుతారని చెప్పారు. మేడమ్ మా అత్త బండి దగ్గరకి వచ్చి ఇడ్లీ ముందు పెట్టుకుని తినకుండా కూర్చుంది. "నేను రెండుసార్లు రాశాను అమ్మా. భయ్యాజీ నోటితో మార్చమంటే తప్ప మారదు" అంది. ఆ వైపు పెద్ద నాయకుణ్ణి అందరూ భయ్యాజీ అనేవాళ్ళు. ఆయన మాటంటే మాటే.

"ఆ బాబుకి సెప్పేవోళ్ళు లేరేటి?" అంది మా అత్త.

"అందరూ చెట్లు బాగున్నాయనే చెబుతారు అమ్మా. ఏసీ కారులోంచి బాగానే ఉంటాయి."

సభకి టెంటు పని నాకే వచ్చింది. మధ్యాహ్నం సభ, వేదిక, షామియానా, సోఫాలు, ఎర్ర తివాచీ. ఆ మాట నేను సంబరంగా చెబితే మా అత్త గరిటె పక్కన పెట్టింది. నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. పుట్టినప్పటి నుంచి నన్ను చేతగానివాడిలా చూసిన మనిషి, మొదటిసారి పనికొచ్చేవాడిలా చూసింది.

"ఒరే అల్లుడా. ఆళ్ళు నీడకని సెట్లేసినారు కదా. మల్లీ టెంటు ఏల?"

నాకు అర్థం కావడానికి కాస్త టైం పట్టింది. అర్థమయ్యాక భయమేసింది. "అత్తా, ఇంక ఆ ఆఫీసు పని నా గడప తొక్కదు."

"తొక్కకపోతే పెళ్ళిళ్ళు లేవేటి? ఇన్నేళ్ళూ ఊరికే కోతి పనులు సేసినావు. ఒక్కటి పనికొచ్చేది సెయ్యి."

అది ఆవిడ నాకు చేసిన సన్మానం. చేశాను.

సభ రోజు ఎర్ర తివాచీ పరిచాను. సోఫాలకి తెల్ల గుడ్డలు తొడిగాను, ఒక్కో పామ్ చెట్టు కింద ఒక్కో సోఫా వేశాను. అతిథుల పేర్లు చక్కగా అతికించాను. షామియానా మాత్రం బండిలోంచి దించలేదు. ఎందుకైనా మంచిదని బండి పక్క సందులోనే పెట్టించాను. రాయపూర్ జ్యేష్ఠం మీకు తెలుసు. కాకి కూడా కుళాయి కింద కూర్చునే ఎండ.

కార్లు వచ్చాయి. భయ్యాజీ దిగి పైకి చూశాడు. ఆకాశం తప్ప ఏమీ లేదు. ఆయన మనిషి నా మీదకి వచ్చి, "టెంట్ కహాఁ హై?" అని అరిచాడు.

నేను చేతులు కట్టుకుని హిందీలో అన్నాను: "సార్, చెట్ల కింద సభ అన్నారు. చెట్ల కింద టెంటు వేస్తే చెట్లకి అవమానం కదా అని వెయ్యలేదు."

భయ్యాజీ విన్నాడు. అందరూ చూస్తున్నారు, కెమెరాలవాళ్ళు కూడా ఉన్నారు. తిడదామన్నా చెట్లు తాను మెచ్చినవే. వెళ్ళి తన పేరున్న సోఫాలో కూర్చున్నాడు. పామ్ నీడ పలుపుతాడంత సన్నంగా ఆయన చెవి మీదుగా పోయింది. ఆయన చెవి వైపు జరిగాడు, నీడ భుజం మీదకి వచ్చింది. భుజం వైపు జరిగితే పక్కాయన ఒళ్ళోకి పోయింది. మొత్తం వేదిక నీడ కోసం కుర్చీలాట ఆడింది. ఒక పెద్దమనిషి సన్మానం శాలువా నెత్తిన కప్పుకున్నాడు. జనం ఒక్కడు లేడు సభలో. అందరూ ఎదురుగా బ్యాంకు గోడ నీడలో బారుగా నిలబడి, అక్కడి నుంచే చప్పట్లు కొట్టారు.

అప్పుడు మా అత్త మజ్జిగ తెచ్చింది. మొదటి గ్లాసు భయ్యాజీకి ఇచ్చి, తన హిందీలో, సగం తెలుగు కలిపి, మెల్లగా చెప్పింది: "బాబూ, నువ్వు ఒక్క పూట కూకున్నావు. అదిగో నా మితానిన్, ఏడాదంతా ఇక్కడే కూకుని బతకాల. ఒక ఎండాకాలం ఇక్కడే పడిపోనాది."

ఆ పక్కన కూరలావిడ తడిగుడ్డ నెత్తిన వేసుకుని నిలబడి ఉంది. భయ్యాజీ ఆవిడ వైపు చూశాడు, తన సోఫా వైపు చూశాడు. ఆయన నవ్వడం మొదలుపెట్టాడు. ముందు మెల్లగా, తర్వాత మజ్జిగ పొలమారేలా. ఆయనా పల్లెటూరి మనిషే, ఎండ ఎరిగినవాడే. "దాయీ, నన్ను బాగా వేయించావు" అన్నాడు. "ఏ చెట్టు కావాలి చెప్పు, ఇప్పుడే చెబుతాను."

అడిగింది మా అత్తని. చెప్పొచ్చు, చరిత్రలో పేరు నిలబడుతుంది. ఆవిడ చెట్ల మేడమ్ చెయ్యి పట్టుకుని ముందుకి లాగింది.

"ఈ పిల్లని అడగండి. నాను సెబితే వేప అంతాను. వేప పెట్టి ఒకసారి బోడిగుండయిపోనాను."

ఆ అమ్మాయి "కరంజ్" అంది. ఆయన సరే అన్నాడు. ఆ సరేకి బ్యాంకు గోడ నుంచి వచ్చిన కేకలు, ఈలలు స్టేషన్ దాకా వినిపించి ఉంటాయి. నేను షామియానా అప్పుడు దింపించాను. అంత తొందరగా నా జన్మలో తాళ్ళు కట్టలేదు.

పామ్ చెట్లు పీకి పారేస్తామని ఎవరో అంటే మా అత్త ఒప్పుకోలేదు. "ఆటి తప్పేటి? ఊరు కాని ఊరొచ్చాయి, మనలాగే. నీడక్కర్లేని సోట పెట్టండి, నిలబడతాయి" అంది. నాలుగు రోడ్ల కూడలి మధ్యలో గుండ్రంగా పెట్టారు. నిజం చెప్పాలంటే అక్కడ అందంగానే ఉన్నాయి.

కానుగ మొక్కలు వానల్లో వచ్చాయి. తర్వాత చిన్న చిన్న యుద్ధాలు జరిగాయి. బట్టల దుకాణం సేఠ్ తన బోర్డుకి అడ్డమొస్తుందని ఎదురుగా గొయ్యి తవ్వనివ్వలేదు. మా అత్త రోజూ ఆయన మెట్ల మీదే కూర్చుని చట్నీ రుబ్బుకునేది. "సేఠ్‌జీ, బోర్డు పైకెక్కించొచ్చు. నీడని ఎక్కడి నుంచి దించుతావు?" అని అడిగేది. ఆయన బోర్డు పైకెక్కించాడు. ఇప్పుడు ఆ చెట్టు కింద నీళ్ళ కుండ పెట్టింది ఆయనే. ఎండకి ఆగినవాళ్ళు చొక్కాగుడ్డ కూడా చూసిపోతున్నారని ఆయన లెక్క.

ఆ సభ తర్వాత ఆ ఆఫీసు పని నాకు మళ్ళీ రాదనుకున్నాను. వచ్చింది. కాకపోతే ప్రతిసారీ ముందే ఫోన్ చేసి, "ఈసారి టెంటు వేస్తావా, వెయ్యవా?" అని అడుగుతారు.

ఒకసారి మా అత్తని అడిగాను, గొడవపడకుండా కోతిపనితో ఎందుకు పోయావని. "తిట్టినోణ్ణి మర్సిపోతారురా. నవ్వించినోణ్ణి మర్సిపోలేరు" అంది. తిట్లలో ఊరంతటికీ పెద్ద అయిన మనిషి ఆ మాట అనడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యం. ఆఖరి ఏళ్ళలో మోకాళ్ళ నొప్పులతో బండి మానేసింది గానీ, సాయంత్రం నా స్కూటర్ వెనక కూర్చుని ఆ రోడ్డు ఒక చివర నుంచి ఇంకో చివరకి తిప్పించుకునేది. చెట్లు పైన కొమ్మలు కలుపుకున్నాయి. మెల్లగా పోనివ్వమని నా వీపు మీద కొట్టేది. మెల్లగా పోతే, ముసలెద్దులా నడుపుతున్నావని మళ్ళీ కొట్టేది.

ఆవిడని తీసుకెళ్ళింది వైశాఖం ఎండలో, మిట్టమధ్యాహ్నం. మోసేవాళ్ళం చెప్పులు వేసుకోకూడదు. కాలనీ దాటాక తారు కాలిపోతోంది. పాడె భుజాన ఉన్నా మా నడక పరుగయ్యింది, మంత్రం కూడా తొందరగా పలికాం. బజారు రోడ్డు మలుపు తిరిగాం. ఎవరూ ఎవరికీ చెప్పలేదు, అందరి కాళ్ళూ ఒకేసారి నెమ్మదించాయి. కింద చల్లగా ఉంది. కానుగ పూసిన రోజులు. లేత ఊదారంగు పూలు సన్నగా రాలి తారు కనపడకుండా పరుచుకున్నాయి. దుకాణాలవాళ్ళు షట్టర్లు సగం దించి మెట్ల మీద నిలబడ్డారు.

కూరలావిడ తన చెట్టు కిందే ఉంది. బాగా వంగిపోయింది. ఏడవలేదు. పాడె ఎదురుగా వచ్చి "మితానిన్" అంది, ఒక్కసారే. తర్వాత తోటకూర మీద చల్లే నీళ్ళ గిన్నె తీసుకుని, వంగి, మా కాళ్ళ మీద చల్లింది, ఒక్కొక్కరికీ, వరసగా. మళ్ళీ నడిచాం. శ్మశానం దగ్గర పాడె దించి కిందకి చూసుకుంటే, మా అందరి పాదాలకీ కానుగ పూలు అంటుకుని ఉన్నాయి.